ఓటు కోసం పనిచేయాలనుకునే అమ్మాయికి: ముందు ఓటర్ల జాబితా చదవడం నేర్చుకోండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుంటూరులో బీటెక్ పూర్తిచేసి రెండేళ్ళుగా గ్రూప్-2కు చదువుతున్నారు. 2024 మేలో పోలింగ్ రోజున మీ వీధివాళ్ళు కొందరు జాబితాలో పేర్లు లేక బూత్ నుంచి వెనక్కి వచ్చేశారు. అది చూశాక జనం ఓటు హక్కు కోసం పనిచేయడమే మీ ఉద్యోగం కావాలనిపించింది. ప్రభుత్వంలోకి వెళ్ళాలా, స్వచ్ఛంద సంస్థలో చేరాలా, ఇలాంటి పనులకు డబ్బిచ్చే ఫౌండేషన్‌లోనా అని అడిగారు. ఇల్లు గడుస్తుందా అనీ అడిగారు. ఇది ఏ ఉద్యోగమని అమ్మకు చెప్పాలో తెలియడం లేదని చివర్లో రాశారు.

ఈ మూడు చోట్లా నేను పనిచేశాను. గ్రూప్-2 రాసి డిప్యూటీ తహసీల్దారుగా చేరి పాత గుంటూరు జిల్లాలో 22 ఏళ్ళు రెవెన్యూలో ఉన్నాను. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాక విజయవాడలో ఒక చిన్న ట్రస్టులో ఓటర్ల నమోదు పని చూశాను. ఇప్పుడు విరాళాలిచ్చేవాళ్ళ దగ్గర కూర్చుని, ఎవరికి ఇస్తే డబ్బు పనికొస్తుందో చెబుతున్నాను. ఎక్కడ కూర్చున్నా నా పని ఓటర్ల జాబితాయే. ఆ పని జరగాల్సింది ఎన్నికలు లేని సంవత్సరాల్లో. అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు, దానికి డబ్బూ ఉండదు. మీరు ఏ దారిలో వెళ్ళినా మీకు ఎదురయ్యేది ఇదే.

నేను చేసిన తప్పు ఒకటి ముందుగా చెబుతాను. 2009లో ఒక మండల కార్యాలయంలో ఎలక్షన్ డీటీగా, అంటే ఎన్నికల పని చూసే డిప్యూటీ తహసీల్దారుగా ఉన్నాను. ఎన్నికల ముందు పేర్ల తొలగింపుల ఫైలు వచ్చింది. చనిపోయినవాళ్ళు, ఊరు మారినవాళ్ళు, రెండుచోట్ల పేరున్నవాళ్ళు కలిపి మూడొందల పైచిలుకు. మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుని, సాయంత్రం టీ వచ్చేలోగా మొత్తానికి నోట్ పెట్టి తహసీల్దారు గారి సంతకానికి పంపేశాను. ఒక్క ఇంటికి కూడా వెళ్ళి చూడలేదు. చనిపోయారని పేరు తీసేటప్పుడు మరణ ధ్రువపత్రమో, ఇంట్లోవాళ్ళ మాటో, కనీసం ఇరుగుపొరుగు వాంగ్మూలమో ఉండాలి. ఆ ఫైల్లో చాలా పేర్ల పక్కన ‘మరణించారు’ అన్న మాట తప్ప ఏమీ లేదు.

పోలింగ్ రోజు పదకొండు గంటలకు ఒక ముసలావిడ ఆఫీసుకు వచ్చింది. ఓటరు కార్డును నీలం రంగు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చింది. “నేను చచ్చిపోయానంటన్నారమ్మా బూత్ కాడ. అట్టా రాశారా నిజంగా?” అంది. తీసి చూస్తే రాసే ఉంది. ఆ వీధిలో అదే పేరుతో ఇంకొకావిడ ఉండేది. చనిపోయింది ఆమె. మేం తీసేసింది ఈమె పేరు. ఆ రోజు చేయగలిగింది ఏమీ లేదు. పేరు జాబితాలో ఉండి, ఆ ఓటు అప్పటికే ఇంకెవరో వేసేస్తే టెండర్డ్ ఓటు అడగొచ్చు. పేరే లేకపోతే చేతిలో కార్డున్నా ఓటు లేదు. అదే చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. కాసేపు ఊరుకుని, “మరి నా పింఛను కూడా ఆగిపోద్దా?” అని అడిగింది.

ఆ మాట విన్నాక నా పని నాకు వేరేగా కనపడింది. ప్రభుత్వం ఒక కాగితంలో తను చనిపోయానని రాస్తే అది మిగతా కాగితాలన్నిటికీ పాకుతుందని ఆవిడకు తెలుసు. నాకే తెలియలేదు. మర్నాడే వాళ్ళింటికి వెళ్ళి ఫారం 6 నింపించాను. పింఛను జాబితా మూడు నెలలపాటు నేనే చూసుకున్నాను.

మీ వీధిలో జరిగిందీ ఇలాంటిదే అయ్యుండొచ్చు. కాబట్టి పేరు ఎలా ఎక్కుతుందో, ఎలా పోతుందో తెలియాలి. కొత్త ఓటుకు ఫారం 6. తొలగించాలన్నా, ఇంకొకరి పేరు మీద అభ్యంతరం చెప్పాలన్నా ఫారం 7. ఇల్లు మారినా, వివరాలు సరిచేయాలన్నా ఫారం 8. ఇంతకుముందు జనవరి 1 నాటికి 18 నిండితేనే ఆ ఏడాది నమోదయ్యేవారు. 2021 సవరణ తర్వాత జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. 17 దాటినవాళ్ళు ముందుగానే దరఖాస్తు ఇచ్చి ఉంచుకోవచ్చు. ఎన్నిక ప్రకటించాక నామినేషన్ల ఆఖరు తేదీ దాటితే ఆ ఎన్నికకు జాబితా మూసినట్టే. పోలింగ్‌కు వారం ముందు గుర్తొచ్చి పరుగెత్తేవాళ్ళకు ఇది తెలియదు.

ఫారం 7 గురించి మీరు బాగా తెలుసుకోవాలి. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఆ ఫారాలు లక్షల్లో వచ్చిపడ్డాయి. దరఖాస్తు ఇచ్చినట్టు పేరున్నవాళ్ళు కొందరు ‘మేం ఇవ్వలేదు’ అన్నారు, పోలీసు కేసులు నడిచాయి. అయితే ఫారం 7 ఇచ్చినంత మాత్రాన పేరు పోదు. విచారణ జరగాలి. జాబితాలో ఇప్పటికే ఉన్న మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా పేరు తీయకూడదని సుప్రీంకోర్టు 1995లో లాల్‌బాబు హుస్సేన్ కేసులో చెప్పింది. ఈఆర్వో, అంటే నియోజకవర్గం జాబితా చూసే ఓటర్ల నమోదు అధికారి, ఇచ్చిన ఉత్తర్వు నచ్చకపోతే 15 రోజుల్లోగా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాకపోతే 30 రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. నా సర్వీసంతటిలో ఈ అప్పీలు చేసినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నేను ట్రస్టులోకి వెళ్ళడానికి అదొక కారణం. హక్కు చట్టంలో ఉంది, దాన్ని రాసిపెట్టే మనిషి వీధిలో లేరు.

ఇక ప్రభుత్వ ఉద్యోగం సంగతి. ‘ఎన్నికల సంఘంలో ఉద్యోగం’ అని చాలామంది అడుగుతారు. ఢిల్లీలో సంఘం సొంత సిబ్బంది కొద్దిమందే. క్షేత్రంలో పనిచేసేదంతా రాష్ట్ర ఉద్యోగులే. బీఎల్వో, అంటే ఒక్కో బూత్ జాబితా చూసే బూత్ స్థాయి అధికారి, మీకు తెలిసిన టీచరమ్మో, అంగన్‌వాడీ కార్యకర్తో, సచివాలయం ఉద్యోగో. పై మెట్టులో తహసీల్దారు, ఆ పైన ఈఆర్వోగా ఆర్డీవో స్థాయి అధికారి, జిల్లాకు కలెక్టరు. ఎన్నికల పనిలో ఉన్నంతకాలం వీళ్ళంతా సంఘానికి డెప్యుటేషన్ మీద ఉన్నట్టు చట్టమే చెబుతుంది. కాబట్టి ఈ పని చేయడానికి అసలైన దారి ఏపీపీఎస్సీయే. గ్రూప్-2లో డిప్యూటీ తహసీల్దారు, గ్రూప్-1లో డిప్యూటీ కలెక్టరు. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు చూసే రాష్ట్ర ఎన్నికల సంఘం వేరు. అది రాజ్యాంగంలోని 243కె కింద ఏర్పడింది, దాని ఆఫీసు విజయవాడలోనే ఉంది. అక్కడా ఎక్కువగా వేరే శాఖలనుంచి వచ్చినవాళ్ళే పనిచేస్తారు.

ప్రభుత్వంలో ఉంటే మీ సంతకానికి విలువ ఉంటుంది. స్వచ్ఛంద సంస్థ ఆరు నెలలు తిరిగి చేయించుకునే పనిని మీరు ఒక పూటలో చేయగలరు. కష్టం కూడా చెప్పాలి. సంవత్సరంలో ఎక్కువ రోజులు భూముల తగాదాలు, కుల ధ్రువపత్రాలు, ప్రొటోకాల్, వరదలు తినేస్తాయి. ఎలక్షన్ డీటీ కుర్చీ అంటే చాలామంది తప్పించుకుంటారు. మీరు అడిగి తీసుకోండి. అందరూ వద్దనే సీటు కాబట్టి అడిగితే దొరికే అవకాశం ఎక్కువ.

ట్రస్టులో ఉన్నప్పుడు జరిగిన ఒక సంగతి చెబుతాను. విజయవాడ రైల్వే స్టేషన్ దగ్గర మూసేసిన షాపు అరుగు మీద రాత్రిపూట పడుకునే పెద్దాయన ఒకరు ఓటు కావాలన్నారు. పగలు మూటలు మోస్తారు. ఇల్లు లేదు, అద్దె రసీదు లేదు, కరెంటు బిల్లు లేదు. అడ్రసు లేకుండా ఎలా అని అందరూ అనుకుంటారు. ఇలాంటివారి కోసం ఎన్నికల సంఘం సూచనల్లో దారి ఉంది. ఫారం 6లో రాసిన చోటికి బీఎల్వో రాత్రిపూట వెళ్ళి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నారో లేదో చూడాలి. ఒక్క రాత్రి చూస్తే చాలదు. నిజమేనని తేలితే నివాసానికి ఇంకే పత్రమూ అక్కర్లేదు. ఆ బీఎల్వో ఒక టీచరు. మొదటి రాత్రి ఆవిడా, ఆవిడ భర్తా, నేనూ వెళ్ళాం. వాన పడి ఆయన ఇంకెక్కడికో జరిగారు, దొరకలేదు. రెండో రాత్రి పదిన్నరకు అరుగు మీదే ఉన్నారు. మరో రెండు రోజులాగి మళ్ళీ వెళ్తే, “పంతులమ్మగారూ, ఇంకోసారి రావాలన్నారని నిద్రపోకుండా కూర్చున్నా” అన్నారు. ఫారంలో చిరునామా దగ్గర ఫలానా షాపు ఎదుటి అరుగు అని రాసి ఉంది. కార్డు పోస్టులో వస్తే తీసుకునేవాళ్ళు లేరు. పోస్ట్‌మ్యాన్‌తో మాట్లాడి పక్కన టీ కొట్లో ఇప్పించాం.

ఒక్క ఓటుకు మూడు రాత్రులు. రిపోర్టులో ఇది ‘1’ అనే అంకె. డబ్బిచ్చేవాళ్ళు పదివేలమందిని నమోదు చేశామన్న రిపోర్టును ఇష్టపడతారు. కాలేజీలో స్టాల్ పెడితే ఒక్క రోజులో అయిదొందల ఫారాలు వస్తాయి. అదీ అవసరమే, కాదనను. గుంటూరు, విజయవాడ హాస్టళ్ళలో ఉన్న పిల్లల్లో చాలామందికి చదువుకునే చోటైనా సొంతూళ్ళోనైనా, ఏదో ఒక్కచోట, నమోదు చేసుకోవచ్చని తెలియదు. కానీ ఆ పిల్లలు కాస్త చెబితే ఫోన్లోనే నింపుకుంటారు. మనిషి వెళ్తే తప్ప కాని పని వేరే ఉంది. మిర్చి కోతలకు ఊళ్ళు తిరిగే కూలీలు, కొండమీది ఇళ్ళలో అద్దెకుండేవాళ్ళు, మంచం దిగలేని ముసలివాళ్ళు. 85 దాటినవాళ్ళూ, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళూ ఫారం 12డి ఇస్తే ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటారు. నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లో ఆ ఫారం అందాలి. అంత తక్కువ గడువులో పేపర్లో చదివి తెలుసుకునేవాళ్ళు ఎందరుంటారు?

అన్నిటికన్నా ఎక్కువగా పేర్లు పోయేది పెళ్ళయిన ఆడపిల్లలవి. పుట్టింట్లో ‘మారిపోయారు’ అని తీసేస్తారు, అత్తింట్లో ఎవరూ ఎక్కించరు. ఇది నా అనుభవంలో చూసిందే. ఆడవాళ్ళ పేర్లు పోవడం కొత్త కాదు. 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికల సమయంలో సుమారు 28 లక్షలమంది ఆడవాళ్ళ పేర్లు జాబితాకు ఎక్కలేదు. ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి తల్లి’ అని తప్ప సొంత పేరు చెప్పలేదని అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఆ ఎంట్రీలు తీసేయించారు. ఇప్పుడు మన ఆడపిల్లలు పేరు గట్టిగానే చెబుతున్నారు. అడగడానికి గుమ్మం దాకా వెళ్ళే మనిషే కావాలి.

సంస్థల విషయంలో నాకు ఒకటే పట్టింపు. ఏ పార్టీ జెండా పట్టిన సంస్థలోనూ ఈ పని చేయకండి. పార్టీలో పనిచేయడం తప్పు కాదు, బూత్ ఏజెంట్లు ఈ వ్యవస్థలో భాగమే. అయితే ఒక్కసారి పార్టీ మనిషని పేరు పడ్డాక రెండో వీధిలో తలుపు తీయరు. మన తెలుగువాళ్ళకు ఈ తేడా దగ్గరగా తెలుసు. ఐఏఎస్ వదిలి వచ్చిన జయప్రకాశ్ నారాయణ్ 1996లో లోక్‌సత్తాను ఉద్యమంగా మొదలుపెట్టారు, 2006లో అది పార్టీ అయింది. రెండూ గౌరవమైన పనులే, కానీ రెండూ వేర్వేరు పనులు. మీరు ఏది చేస్తున్నారో మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి.

డబ్బు విషయం కాస్త వివరంగా చెబుతాను. ఎవరూ చెప్పరు కాబట్టి.

కంపెనీల సీఎస్సార్ (సామాజిక బాధ్యత) సొమ్ము, అంటే మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం, కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో ఉన్న పనులకే ఖర్చుపెట్టాలి. అందులో చదువు, ఆరోగ్యం, పర్యావరణం ఉన్నాయి. ఓటర్ల జాబితా అని విడిగా లేదు. పైగా ‘ఎన్నికలు’ అన్న మాట వింటేనే కంపెనీవాళ్ళకు టెన్షన్. విదేశీ విరాళాలకు వాటిని నియంత్రించే చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ అడ్డం. రాజకీయ స్వభావం ఉన్న సంస్థ విదేశీ సొమ్ము తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత అలా వచ్చిన డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదు, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. అంతకుముందు పెద్ద సంస్థలు తెచ్చి మండల స్థాయి చిన్న సంస్థలకు పంచేవి. ఆ దారి మూసుకుపోయింది. ఈ పనిలో ఖర్చంతా మనుషుల జీతాలూ తిరుగుళ్ళే కాబట్టి దెబ్బ ఎక్కువగా తగిలింది.

మిగిలింది మన దేశంలోని దాతలు, వ్యక్తులు. మన గుంటూరు, విజయవాడ ప్రాంతాల నుంచి అమెరికా వెళ్ళినవాళ్ళు చాలామంది ఊళ్ళో గుడికీ బడికీ ఇస్తారు. వాళ్ళను అడగొచ్చు, కానీ ఒక జాగ్రత్త. ఇప్పటికీ భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవారు పంపితే అది విదేశీ విరాళమే. సొంత బాబాయి ఇచ్చినా సరే. ఈ తేడా తెలియక చిక్కుల్లో పడిన చిన్న ట్రస్టులను చూశాను.

కొద్ది డబ్బుతో పెద్ద పని అవుతుందా అంటే అవుతుంది. అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్‌ను 1999లో అహ్మదాబాద్ ఐఐఎంకు చెందిన కొందరు ప్రొఫెసర్లు మొదలుపెట్టారు. వాళ్ళు వేసిన కేసు మీదే అభ్యర్థులు తమ కేసులూ ఆస్తులూ చెప్పాలని 2002లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దాత పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్ల కేసులోనూ వాళ్ళు పిటిషనర్లు. 2024 ఫిబ్రవరి 15న ఆ పథకాన్ని కోర్టు కొట్టేసింది. ఇవాళ మీరు ఏ అభ్యర్థి అఫిడవిట్ చదివినా దాని వెనక ఓపికగా ఏళ్ళ తరబడి కూర్చున్న కొద్దిమంది ఉన్నారు. దాతలకు నేను చెప్పేదీ ఇదే. ఏడాది గ్రాంటు వద్దు, అయిదేళ్ళు ఇవ్వండి, అదీ ఎన్నికలు అయిపోయిన మర్నాటి నుంచి ఇవ్వండి.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్నికలు అయి నాలుగు నెలలే. నీళ్ళు తీశాక వెళ్తే బట్టలారేసే తాళ్ళ మీద ఆధార్ కార్డులు, పిల్లల మార్కుల జాబితాలు, ఓటరు కార్డులు క్లిప్పులు పెట్టి ఆరేసి ఉన్నాయి. ఒకావిడ కార్డు రెండు పొరలుగా విడిపోయింది. ఓటు పోయినట్టేనా అని అడిగింది. జాబితాలో పేరున్నంతవరకూ ఓటు ఉంటుందనీ, ఈ కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటివి చూపినా చాలనీ, కొత్త కార్డుకు ఫారం 8 ఇవ్వొచ్చనీ చెప్పాను. అక్కడ నెల రోజులు ఒక బల్ల వేసుకుని కూర్చుంటే చాలామందికి పని జరిగేది. దానికి డబ్బు అడిగితే ‘ఎన్నికలు ఇప్పుడే అయ్యాయి కదండీ’ అన్నారు. మేం బల్ల వేయగలిగింది తొమ్మిది రోజులే. మీరు ఎప్పుడైనా డబ్బిచ్చే వైపు కూర్చుంటే ఆ మిగతా ఇరవై ఒక్క రోజులు గుర్తుంచుకోండి.

ఇల్లు గడవడం గురించి. స్వచ్ఛంద సంస్థలో మొదట్లో మీ బీటెక్ స్నేహితుల జీతంలో సగం కూడా రాకపోవచ్చు, గ్రాంటు అయిపోతే ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఫౌండేషన్లలో జీతాలు మెరుగు, కానీ క్షేత్రంలో ఏళ్ళు గడపకుండా నేరుగా అక్కడికి వెళ్తే ఎదుటివాళ్ళ రిపోర్టులో ఏది నిజమో పట్టుకోలేరు. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలోనో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లోనో ఎంఏ చేయడం మంచిదే, అప్పు చేసి మాత్రం వెంటనే వద్దు. నా సలహా అడిగారు కాబట్టి: గ్రూప్-2 వదలకండి. ఇంకో రెండు ప్రయత్నాలు చేయండి. జీతం, పింఛను, సంతకం మూడూ ఉన్న చోటునుంచి తర్వాత ఎటైనా వెళ్ళొచ్చు. రాకపోతే రెండేళ్ళ తర్వాత చేతిలో క్షేత్రానుభవం ఉండేలా ఇప్పటినుంచే ఒక పని మొదలుపెట్టండి.

ఆ పని ఇది. ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో మీ బూత్ జాబితా దొరుకుతుంది. ప్రింటు తీసుకోండి. ఆదివారం ఉదయం ఎండ ముదరకముందే మీ వీధి చివరి ఇంటి నుంచి మొదలుపెట్టండి. ప్రతి పేరు దగ్గరా ఉన్నారా, లేరా, వెళ్ళారా, కొత్తగా వచ్చారా అని పెన్సిల్‌తో రాయండి. పెన్ను వద్దు, మొదటిసారి విన్నది రెండో ఇంట్లో మారుతుంది. ఎవరి పేరూ మీ అంతట మీరు తీసేయించకండి. లేనివాళ్ళను ఎక్కించడం మీద ధ్యాస పెట్టండి. ఒక బూత్‌కు నాలుగైదు ఆదివారాలు పడుతుంది. పూర్తయ్యాక ఆ కాగితం తీసుకుని మీ బీఎల్వో దగ్గరికి వెళ్ళండి. తప్పుపట్టడానికి వచ్చారనుకోకుండా మాట్లాడండి, ఆవిడకు బడి పని ఉంటుంది, ఇంటి పని ఉంటుంది.

మీ అమ్మగారిని వెంట తీసుకెళ్ళండి. ఎవరింటి కోడలు ఏ ఊరినుంచి వచ్చింది, ఎవరి అబ్బాయి హైదరాబాదులో ఉన్నాడు, ఏ మేడమీది వాటాలో కొత్తగా ఎవరు దిగారు, ఇవన్నీ మీకన్నా ఆవిడకే బాగా తెలుసు. పైగా ఒంటరి ఆడపిల్ల వెళ్తే అనుమానంగా చూసే ఇళ్ళలో ఆవిడను చూసి మంచినీళ్ళిచ్చి కూర్చోమంటారు. ఉద్యోగం పేరేమిటో ఆవిడకు ముందే చెప్పాల్సిన పని లేదు, రెండో ఆదివారానికి ఆవిడే ఎదురింట్లో వివరించి చెబుతుంటారు.